మైకే వాద్యమైన వేళ

1964. జర్మనీలో ఓ ఇంటి తోట. అక్కడ పెద్ద కంచు పళ్లెం ఒకటి వేలాడుతోంది. అడ్డంగా కొలిస్తే అయిదడుగుల పైచిలుకు. మన గుళ్లో మోగే జేగంటను మనిషంత చేస్తే ఎలా ఉంటుందో, ఇంచుమించు అలా. పాశ్చాత్యులు దాన్ని టామ్-టామ్ అంటారు. ఎదురుగా జర్మన్ స్వరకర్త కార్ల్‌హైన్జ్ స్టాక్‌హౌజెన్. ‘మొమెంటె’ అనే తన రచన కోసం ఆయనే కొని తెచ్చుకున్న వాద్యం అది.

వాద్యబృందాల్లో టామ్-టామ్‌కు దక్కేది సాధారణంగా మెత్తటి గుండు తొడిగిన కర్రతో కొట్టే దెబ్బే. ఆ దెబ్బ పడ్డాక గాలిలో చాలాసేపు తిరిగే హోరు ఉంటుంది. స్టాక్‌హౌజెన్ మాత్రం ఆ కర్రతో సరిపెట్టుకోలేదు. ఇల్లంతా గాలించాడు. గాజు, అట్ట, చెక్క, రబ్బరు, ప్లాస్టిక్, ఇనుము... చేతికందిన సామాను తోటలోకి చేరింది.

ఒక చేత్తో వాటిలో ఏదో ఒకటి అందుకుని కంచును గీకుతాడు, రుద్దుతాడు, తడతాడు. రెండో చేతిలో మైకు. దాన్ని స్టాండుకు బిగించలేదు. కంచుకు ఆనేంత దగ్గరికి తెస్తాడు, చటుక్కున వెనక్కి లాగుతాడు, అంచు వెంట జరుపుతాడు. డాక్టరు స్టెతస్కోపుతో ఒంటిని విన్నట్టు విన్నానని ఆయనే తర్వాత రాసుకున్నాడు. మైకు తీగ మరో కొసన సహచరుడు యాప్ స్పెక్ కూర్చున్నాడు. ఫిల్టరు మీటలు తిప్పుతున్నాడు, శబ్దాన్ని పెంచుతున్నాడు, తగ్గిస్తున్నాడు. ఎప్పుడేం చేయాలో ఇద్దరూ ముందుగా ఏమీ అనుకోలేదు. టేపు మాత్రం తిరుగుతోంది.

ఆ టేపును వెనక్కి తిప్పి విన్నారు. ఎన్నెన్నో జంతువుల అరుపులు! వాటితోపాటు అంతకుముందు ఏ చెవికీ సోకని ధ్వనులు! అన్నీ ఆ ఒక్క కంచులోంచే. స్టాక్‌హౌజెన్ దాన్ని తన జీవితంలో అత్యంత ముఖ్యమైన ఆవిష్కారాల్లో ఒకటిగా ఎంచాడు.

ఇందులో మాయేమీ లేదు. అంత పెద్ద కంచు రేకు ఒక్కోచోట ఒక్కోలా కంపిస్తుంది. దూరాన నిలబడ్డ మనకు అవన్నీ కలిసిపోయి ఒకే హోరుగా చేరతాయి. అట్టముక్కతో రుద్దితే వచ్చే సన్నటి అలికిడి అసలు చేరనే చేరదు. మైకు వేలెడు దూరంలో ఉంటే ఆ అలికిడే పులిగాండ్రింపంత అవుతుంది. ఫిల్టరు అందులో కొన్ని స్థాయిల స్వరాలను మాత్రమే వదిలి మిగతావాటిని ఆపేస్తుంది. ధ్వని ఎప్పటినుంచో కంచులోనే ఉంది, వినే దారి లేకపోయింది.

స్టాక్‌హౌజెన్ అంతకు పదేళ్ల ముందు నుంచే కొలోన్ రేడియో స్టూడియోలో ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తున్నవాడు. అక్కడ టేపు ముక్కలు కోసి అతికి, నిమిషాల సంగీతానికి నెలలు ధారపోసేవారు. సభలో ఆ టేపు పెడితే ఎన్నిసార్లయినా అదే వినిపిస్తుంది. తోటలో దొరికిన ఫలితం ఆ కట్టు తెంచింది. మీటలు తిప్పే చెయ్యి కూడా వేదికెక్కి, మృదంగం మీది చేతిలాగే అప్పటికప్పుడు స్పందించవచ్చని తేలింది. నా దృష్టిలో ఆ రోజు అసలు ఘనత ఇదే.

ఆ టేపులోంచి ‘మిక్రోఫోనీ 1’ పుట్టింది. అదే ఏడాది డిసెంబరు 9న బ్రస్సెల్స్‌లో తొలి ప్రదర్శన. ఒకటే టామ్-టామ్, ఆరుగురు కళాకారులు. ఇద్దరు కంచును పలికిస్తారు, ఇద్దరు మైకులు పట్టి నడిపిస్తారు, ఇద్దరు ఫిల్టర్ల దగ్గర కూర్చుంటారు. స్వరాలకు బదులు గొణుగుడు, కీచు, గరగర వంటి ధ్వనుల పేర్లు రాసిస్తే, ఏ వస్తువుతో అవి పలుకుతాయో వాయించేవారే వెతుక్కోవాలి. మొత్తం 33 ఖండికలు. ఏది దేని తర్వాత రావాలో కూడా నియమాలకు లోబడి వారే తేల్చుకుంటారు.



‘మిక్రోఫోనీ 1’ రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది, అరగంటకు లోపే. ఫోను స్పీకరులో పెట్టి ఇది సంగీతమా అని తీర్పు చెప్పకండి, ఆ కంచు అడుగుస్వరాలు అందులో పలకవు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి వినండి.