సహాధ్యాయి బోధన

విశ్వవిద్యాలయ తరగతుల్లో విద్యార్థులు ఒకరికొకరు వివరించుకుంటూ నేర్చుకునే పద్ధతి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మాజుర్ 1991లో దీన్ని మొదలుపెట్టారు. కష్టమైన లెక్కలు చేయగల తన విద్యార్థులే న్యూటన్ సూత్రాల మీద మామూలు మాటల్లో అడిగిన ప్రశ్నలకు తడబడటం ఆయన గమనించారు.

ఆచార్యుడు కాసేపు పాఠం చెప్పి, భావనను పరీక్షించే బహుళైచ్ఛిక ప్రశ్న ఇస్తారు. ప్రతి ఒక్కరూ ముందు సొంతంగా జవాబు ఎంచుకోవాలి. ఈ మెట్టు వదిలేస్తే మిగిలేది కబుర్లే. సరైన జవాబులు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే విద్యార్థులు పక్కవారితో వాదించి, మళ్లీ జవాబిస్తారు. అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాల్సిందే. ఇప్పుడిప్పుడే అర్థమైన విద్యార్థికి పక్కవాడి తికమక ఎక్కడుందో ఆచార్యుడికన్నా బాగా తెలుస్తుందని మాజుర్ వాదన. జవాబు నొక్కి పంపే చిన్న పరికరాలైన క్లిక్కర్లు లేకపోయినా, జవాబు తెలిపేందుకు ఎత్తి చూపే అట్టముక్కలు చాలు. మాజుర్ రాసిన మార్గదర్శక గ్రంథం 1997లో వెలువడింది.