ఐదేళ్లకోసారి మారే సింహాసనం

రాజంటే తండ్రి తరవాత కొడుకు, ఒకసారి గద్దెనెక్కితే బతికున్నంత కాలం. రాచరికం ఎక్కడున్నా మనకు తెలిసిన పద్ధతి ఇదే. మలేసియాలో మాత్రం దేశానికి రాజు ఐదేళ్లకోసారి మారతారు. అక్కడి 13 రాష్ట్రాల్లో తొమ్మిదింటికి వంశపారంపర్య పాలకులున్నారు. ఆ తొమ్మిది మంది సమావేశమై, తమలో ఒకరిని ‘యాంగ్ డి పెర్తువాన్ అగోంగ్’గా, అంటే దేశాధినేతగా, ఎన్నుకుంటారు.

ఆ ఎన్నిక పకడ్బందీగా జరుగుతుంది. వరసలో ముందున్న పాలకుడి పేరుతో బ్యాలెట్ కాగితాలు ఇస్తారు. ఆయన పదవికి తగినవారా, కారా అన్నది ఒక్కొక్కరూ గుర్తు పెట్టి చెప్పాలి. కాగితాల మీద నంబర్లుండవు. కలమూ సిరా కూడా అందరికీ ఒక్క రకమే. ఎవరు ఎటు వేశారో ఆనవాలు దొరకకూడదు. ఐదు ఓట్లు వస్తే గెలిచినట్టు. లెక్క తేలాక కాగితాలను పాలకుల ఎదుటే నాశనం చేస్తారు. గెలిచినవారు ఆ ఐదేళ్లూ తన రాష్ట్ర పాలనను రీజెంటుకు అప్పగించి కౌలాలంపూర్ వెళతారు.

రాజును ఎన్నుకోవడం ఆ నేలకు కొత్త కాదు. నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలో ‘ఉండాంగ్’లనే పెద్దలు పాలకుణ్ణి ఎంచుకునే ఆచారం 18వ శతాబ్దం నుంచీ ఉంది. 1773లో సుమత్రా దీవిలోని మినాంగ్‌కబావ్ ప్రాంతం నుంచి రాజా మెలెవార్‌ను పిలిపించి పట్టం కట్టారు. దేశానికంతటికీ ఒకే రాజు ఉండటం మాత్రం కొత్త. ఎవరి రాష్ట్రానికి వారే పాలకులైన తొమ్మిది మందిలో ఒక్కరికే శాశ్వతంగా పెద్దరికమిస్తే మిగతా ఎనిమిది మంది ఒప్పుకోరు. వంతుల పద్ధతి ఆ చిక్కును విప్పింది.

అయితే ఈ పాలకుల చేతికి అప్పటికే సంకెళ్లు పడి ఉన్నాయి. 1874 నాటి పాంగ్‌కోర్ ఒప్పందంతో పెరాక్‌లో బ్రిటిష్ రెసిడెంటు కొలువుతీరాడు. మతం, మలయ్ ఆచారాలు తప్ప మిగతా వ్యవహారాలన్నిటిలో సుల్తాన్ ఆయన సలహా అడిగి తీరాలి, దాని ప్రకారమే నడవాలి. కోఠీ రెసిడెన్సీ కథ ఎరిగిన హైదరాబాదీలకు ఈ ఏర్పాటు ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. మొదటి రెసిడెంటు బర్చ్ 1875లో హత్యకు గురయ్యాడు. పద్ధతి మాత్రం పోలేదు, ఇతర రాష్ట్రాలకూ పాకింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో బ్రిటిష్ వారు మలయన్ యూనియన్ పేరుతో సుల్తాన్ల అధికారాన్ని దాదాపు తుడిచిపెట్టబోయారు. మలయ్ ప్రజలు భగ్గుమన్నారు. కొత్త గవర్నర్ ప్రమాణ స్వీకారానికి సుల్తాన్లు వెళ్లలేదు. 1948 నాటికి ఆ యూనియన్ రద్దయి మలయా సమాఖ్య ఏర్పడింది. స్వతంత్ర దేశానికి రాజ్యాంగం రూపొందించేందుకు 1956లో లార్డ్ రీడ్ అధ్యక్షతన కమిషన్ వేశారు. అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన బి. మాలిక్ అందులో సభ్యులు. 1957 ఆగస్టు 31న దేశం స్వతంత్రమైంది. నెగెరి సెంబిలాన్ పాలకుడు తువాంకు అబ్దుల్ రహమాన్ తొలి అగోంగ్ అయ్యారు. నేటికీ రింగిట్ నోట్ల మీద ఉన్నది ఆయన బొమ్మే.

సలహా ప్రకారం నడవాలన్న నియమం కొత్త రాజ్యాంగంలోనూ ఉంది. కానీ సలహా ఇచ్చేది పరాయి రెసిడెంటు కాదు, ప్రజలు ఎన్నుకున్న మంత్రివర్గం. ప్రధాని నియామకం, పార్లమెంటు రద్దుకు ఒప్పుకోకపోవడం వంటి కొద్ది విషయాల్లోనే రాజుకు సొంత విచక్షణ. 153వ అధికరణం ఆయనకు మరో బాధ్యత అప్పగించింది. మలయ్ ప్రజలు, సబా, సరవాక్ రాష్ట్రాల మూలవాసుల ప్రత్యేక స్థానంతో పాటు ఇతర జాతుల న్యాయమైన ప్రయోజనాలనూ ఆయన కాపాడాలి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి రబ్బరు తోటల పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ ఆ మాట కిందికే వస్తాయి.

రాజు అధికారానికి ఈ హద్దులు సంఘర్షణ లేకుండా కుదరలేదు. పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు రాజు సమ్మతి తప్పనిసరా అన్న వివాదం 1983లో ముదిరింది. రాజు సంతకం చేయకపోయినా 30 రోజులు దాటితే బిల్లు చట్టమయ్యేలా 1994లో సవరణ చేశారు. అంతకు ముందే, 1993లో, పాలకులకు కోర్టుల నుంచి ఉన్న రక్షణను తొలగించి, వారిపై కేసులు విచారించడానికి ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు.

అధికారం అంత తగ్గాక ఇక రాజుతో పనేముందని అడగవచ్చు. 2020 ఫిబ్రవరిలో ప్రధాని మహతీర్ రాజీనామా చేసి రాజకీయం అయోమయంలో పడ్డప్పుడు, పహాంగ్ సుల్తాన్ అబ్దుల్లా అగోంగ్‌గా ఉన్నారు. ఎవరికి మద్దతిస్తారో పార్లమెంటు సభ్యులను రాజభవనానికి పిలిపించి స్వయంగా అడిగారు. అదే ఏడాది అక్టోబరులో ప్రధాని ముహిద్దీన్ అత్యవసర పరిస్థితి కోరితే, తోటి పాలకులతో చర్చించి కాదన్నారు. 2022 నవంబరు ఎన్నికల్లో 222 స్థానాలకు గాను ఎవరికీ 112 రాలేదు. పార్టీలతో మాట్లాడి, పాలకుల సమావేశం జరిపి, నవంబరు 24న అన్వర్ ఇబ్రహీంను ప్రధానిగా నియమించారు. ఎన్నికల తరవాత ఐదు రోజులకే చిక్కు వీడింది.

2024 జనవరి 30తో సుల్తాన్ అబ్దుల్లా గడువు తీరింది. మర్నాడు జొహోర్ సుల్తాన్ ఇబ్రహీం ఆ స్థానంలోకి వచ్చారు. రాజ్యాంగబద్ధ రాచరికం సారమంతా ఈ పద్ధతిలో ఉంది. పదవి నిలుస్తుంది, మనిషి మారతాడు. రాజు మాట చెల్లేది రాజవంశంలో పుట్టినందువల్ల కాదు, చట్టం గీసిన గీత లోపల నిలబడినందువల్ల. రాజులకైనా, రాష్ట్రపతులకైనా, గవర్నర్లకైనా గౌరవం దక్కే దారి ఇదొక్కటే.