తూటా స్థిరత్వం

తుపాకి నుండి వెలువడిన తూటా తన మొనను ప్రయాణ దిశవైపే నిలుపుకొని సాగగలగడాన్ని తూటా స్థిరత్వం అంటారు. ఈ స్థిరత్వం లోపించినపుడు తూటా గాలిలో ఊగుతుంది లేదా పల్టీలు కొడుతుంది. దానివలన వేగం త్వరగా తగ్గిపోయి గురి తప్పుతుంది. వాడుకలో మందు, గుల్లతో కూడిన మొత్తం కార్‌ట్రిడ్జ్‌ను కూడా తూటా అంటారు. ఈ వ్యాసంలో తూటా అంటే గొట్టం నుండి ఎగిరిపోయే లోహపు ముక్క మాత్రమే.

అస్థిరతకు కారణం

మొనదేలిన పొడవాటి తూటాలో బరువు ఎక్కువగా వెనుక భాగంలో ఉంటుంది. అందుచేత దాని ద్రవ్యరాశి కేంద్రం వెనుకకు ఉంటుంది. గాలి కలిగించే బలం మాత్రం దానికి ముందు, మొనకు దగ్గరగా పనిచేస్తుంది. మొన ఏ కొంచెం పక్కకు వాలినా గాలి దానిని మరింత వాల్చడానికే ప్రయత్నిస్తుంది. పూర్వపు గుండ్రని సీసపు గుండ్లకు మొన లేదు గనుక ఈ సమస్య లేదు. కాని అవి గాలిలో వేగాన్ని త్వరగా కోల్పోయేవి.

భ్రమణం వలన స్థిరత్వం

తిరగని బొంగరం ములుకు మీద నిలవదు, వేగంగా తిరిగేది నిలుస్తుంది. తూటా విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తుపాకి గొట్టం లోపల మరచుట్టులాగా గాడులు చెక్కుతారు. దీనిని రైఫ్లింగ్ అంటారు, రైఫిల్ అనే పేరు దీని నుండే వచ్చింది. 1857 తిరుగుబాటుకు ఒక కారణంగా చెప్పబడే కొవ్వు పూసిన తూటాలు ఇటువంటి గాడులు గల ఎన్‌ఫీల్డ్ తుపాకులకోసం వచ్చినవే.

ఉదాహరణకు ఎ.కె.-47 గొట్టంలో ప్రతి 240 మి.మీ.కు గాడి ఒక చుట్టు తిరుగుతుంది. తూటా సెకనుకు సుమారు 715 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. అంటే అది సెకనుకు దాదాపు 3,000 సార్లు, నిమిషానికి దాదాపు 1,80,000 సార్లు తిరుగుతూ ఉంటుంది.

ఇలా తిరిగే తూటాను గాలి వాల్చబోతే అది పడిపోదు. దాని మొన ప్రయాణ మార్గం చుట్టూ నెమ్మదిగా వలయం గీస్తుంది. దీనిని ప్రిసెషన్ అంటారు. దానికి తోడుగా ఉండే చిన్న, వేగవంతమైన అదురును న్యూటేషన్ అంటారు. గొట్టం దాటిన వెంటనే ఈ రెండూ ఎక్కువగా ఉండి, సరిగా రూపొందించిన తూటాలో కొంతదూరం పోయేసరికి తగ్గిపోతాయి.

గ్రీన్‌హిల్ సూత్రం

ఎంత చుట్టు అవసరమో లెక్కించడానికి 1879లో ఆంగ్ల గణితవేత్త ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ ఒక సులభ సూత్రాన్ని ఇచ్చాడు. తూటా వ్యాసపు వర్గాన్ని 150తో గుణించి, తూటా పొడవుతో భాగిస్తే ఒక పూర్తి చుట్టుకు ఉండదగిన దూరం సుమారుగా వస్తుంది. పొడవు పెరిగేకొద్దీ ఈ దూరం తగ్గుతుంది, అనగా పొడవాటి తూటాను మరింత వేగంగా తిప్పాలి.

భారతదేశంలో పోలీసులు చాలాకాలం వాడిన "త్రీ నాట్ త్రీ" తుపాకి తూటా వ్యాసం సుమారు 7.9 మి.మీ., పొడవు సుమారు 32.5 మి.మీ. సూత్రం ప్రకారం 288 మి.మీ. వస్తుంది. ఆ తుపాకిలో ఉన్నది 254 మి.మీ.కు ఒక చుట్టు. అంటే అవసరానికి మించిన భ్రమణమే లభిస్తుంది.

రెక్కల వలన స్థిరత్వం

బాణం తిరగకపోయినా సూటిగా పోతుంది. దాని చివర కట్టిన ఈకలు గాలి బలం పనిచేసే బిందువును వెనుకకు జరపడమే దీనికి కారణం. ఈ రెండు పద్ధతులూ తెలంగాణలో తయారయ్యే ఆయుధాలలో కనిపిస్తాయి. మెదక్ ఆయుధ కర్మాగారం (ఎద్దుమైలారం, ప్రస్తుతం సంగారెడ్డి జిల్లా) తయారుచేసే శరత్ (బి.ఎం.పి.-2) వాహనంలోని 30 మి.మీ. ఫిరంగికి గాడులు ఉంటాయి. అదే వాహనంపై అమర్చే కాంకుర్స్ క్షిపణికి రెక్కలు ఉంటాయి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలలో వాడే 4.5 మి.మీ. గుళ్లకు రెండు పద్ధతులూ తోడ్పడతాయి. గొట్టంలోని గాడులు గుండును తిప్పుతాయి, నడుము సన్నగా ఉండి వెనుక విచ్చుకున్న ఆకారం దానిని నిలకడగా ఉంచుతుంది. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచింది ఈ పోటీలోనే.

స్థిరత్వం కోల్పోయే సందర్భాలు

* తూటా వేగం ధ్వని వేగానికి (సుమారు 340 మీ./సె.) దగ్గరపడినపుడు దానిపై గాలి బలాలు మారి ఊగులాట తిరిగి మొదలుకావచ్చు.
* రాయి, రోడ్డు వంటి వాటికి తగిలి ఎగిరిన తూటా సాధారణంగా పల్టీలు కొడుతూ పోతుంది. అడ్డంగా తగిలినచోట రంధ్రం గుండ్రంగా కాక పొడవుగా పడుతుంది. నేర పరిశోధనలో ఇది ముఖ్యమైన ఆధారం.
* శరీరం గాలికంటే వందలరెట్లు సాంద్రమైనది. గాలిలో చాలిన భ్రమణం అక్కడ చాలదు. తూటా లోపల అడ్డం తిరిగి గాయాన్ని పెద్దది చేస్తుంది. అందుచేత ప్రవేశ గాయం చిన్నదిగా ఉన్నంతమాత్రాన లోపలి నష్టం తక్కువని భావించరాదు.

గాలిలోకి కాల్పులు

ఆకాశంలోకి కాల్చిన తూటా తిరిగి భూమికి చేరక తప్పదు. నిట్టనిలువుగా కాల్చినది పైన ఆగి, వెనుకభాగం కిందికి ఉండేటట్లో పల్టీలు కొడుతూనో పడుతుంది. అపుడు గాలి నిరోధం దాని వేగాన్ని బాగా తగ్గిస్తుంది, అయినా తలకు తగిలితే ప్రాణాపాయమే. ఏటవాలుగా కాల్చినది మరింత ప్రమాదకరం. అది స్థిరత్వం కోల్పోకుండా మొన ముందుకు ఉంచుకునే వంపు మార్గంలో సాగి, ఎక్కువ వేగంతో దూరాన ఎక్కడో దిగుతుంది. పెళ్లిళ్లలో, ఊరేగింపులలో సరదాకు జరిపే కాల్పులు సంబంధం లేనివారి ప్రాణాలు తీయడానికి కారణం ఇదే. తూటాను గురికి చేర్చే స్థిరత్వమే, గురి లేనిచోట దానిని ప్రాణాంతకం చేస్తుంది.