బావిస్టిన్ పొట్లం చెప్పిన పాఠం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సంఘం వారు కోరినప్పుడు, రాజుల చరిత్రకు బదులు మా ఉయ్యూరు రైతులందరికీ తెలిసిన ఒక మందు చరిత్ర రాయాలనిపించింది. దాని పేరు కార్బండజిమ్. మనవాళ్ళకు 'బావిస్టిన్' అంటేనే తెలుస్తుంది. అది బూజు తెగుళ్ళను అరికట్టే శిలీంధ్రనాశని.

ఉయ్యూరు చుట్టుపట్ల చెరకు నాటే ముందు ముచ్చెలను ఈ మందు కలిపిన నీళ్ళలో ముంచి తీస్తారు. మట్టిలోని బూజు, కోసిన చివరల గుండా లోపలికి దిగి ముచ్చెను కుళ్ళబెట్టకుండా ఇది కాపాడుతుంది. వరి కోతల తరువాత మాగాణిలో పెరిగే మినుముకు బూడిద తెగులు వస్తే ఇదే మందు పిచికారీ చేస్తారు.

నేను వ్యవసాయ శాఖ కార్యాలయంలో గుమాస్తాగా ఉండగా ఒక పెద్దాయన వచ్చి, "మూడేళ్ళ కిందట ఒక్క పిచికారీతో పోయిన బూడిద తెగులు, ఇప్పుడు మూడుసార్లు కొట్టినా పోవటం లేదండీ గుమాస్తా గారూ" అని వాపోయాడు. "మందు కల్తీదై ఉంటుంది, రసీదు ఉంటే అర్జీ పెట్టుకోండి" అన్నాను. రసీదు లేదు. ఆయన తువ్వాలు దులుపుకొని వెళ్ళిపోయాడు. పదవీ విరమణ తరువాత ఈ మందు చరిత్ర చదివాకగాని, నా జవాబు ఎంత తొందరపాటుదో తెలియలేదు.

1968లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ బెనొమిల్ అనే మందును విడుదల చేసింది. అది మొక్కలోకి వెళ్ళాక కార్బండజిమ్‌గా మారి పనిచేస్తుందని మరుసటి ఏడాదే తేలింది. అదే 1969లో, న్యూయార్క్ రాష్ట్రంలో దోసజాతి పంటల మీది బూడిద తెగులు ఈ మందుకు లొంగటం లేదని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మందు అసలైనదే. బూజే మారింది!

ఎందుకు లొంగదు అన్న ప్రశ్న ప్రయోగశాలలకు చేరింది. హాలెండులో డేవిడ్సే అనే శాస్త్రజ్ఞుడు ఆస్పర్‌జిల్లస్ అనే బూజు మీద ప్రయోగాలు చేసి, ఈ మందు బూజు కణాన్ని విభజన చెందనివ్వదని 1973లో చూపాడు. కణం రెండు కావాలంటే ముందుగా క్రోమోజోములు, అంటే వారసత్వపు దస్తావేజులు, రెండు ప్రతులై చెరొక పక్కకు చేరాలి. వాటిని లాగే సన్నని దారాలు ట్యూబ్యులిన్ అనే ప్రోటీనుతో తయారవుతాయి. మందు ఆ ట్యూబ్యులిన్‌కు అంటుకుంటే దారం తయారు కాదు. లొంగని బూజులో ట్యూబ్యులిన్ కొద్దిగా మారి ఉండటంవల్ల మందు దానికి సరిగా అంటుకోదని 1977లో రుజువైంది.

1978లో న్యూజెర్సీలో రోనాల్డ్ మోరిస్ బృందం, మందుకు లొంగని బూజును పట్టుకొనే ట్యూబ్యులిన్ జన్యువును గుర్తించింది. బెనొమిల్ పేరు మీద ఆ జన్యువును 'బెన్-ఎ' అంటారు. ఆ బూజు ఆధారంగానే 1989లో ఓక్లీ దంపతులు గామా ట్యూబ్యులిన్ అనే కొత్త ప్రోటీనును కనిపెట్టారు. మానవ కణాల్లోనూ అది ఉంది.

1991లో అమెరికాలో రెండు బృందాలు రొట్టెలను పొంగించే ఈస్ట్ మీద ఈ జాతి మందునే ప్రయోగించాయి. దారాలు చెడినప్పుడు మామూలు ఈస్ట్ విభజన ఆపి వేచి ఉంటుంది. ఆగకుండా ముందుకు పోయి చచ్చేవాటిని ఏరి, కాపలా జన్యువులను కనుగొన్నారు. మన కార్యాలయాల్లో సంతకాలన్నీ పడనిదే ఫైలు కదలనివ్వని సూపరింటెండెంటు వంటివి అవి. మనిషి కణాల్లోనూ ఇటువంటి కాపలా ఉంది. అది సడలితే క్రోమోజోముల లెక్క తప్పుతుంది. క్యాన్సరు కణాల్లో తరచుగా కనిపించే లోపం ఇదే గనుక, వైద్యశాస్త్రానికి ఈ పరిశోధన ఎంతో ముఖ్యమైంది.

మన మనవలకు బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ కూడా ఈ కుటుంబానిదే. అది పురుగు ట్యూబ్యులిన్‌ను పట్టుకుంటుంది.

ఇంత మేలు చేసినా మందు మందే. యూరోపియన్ యూనియన్‌లో కార్బండజిమ్ అనుమతి 2014లో ముగిసింది. మన పిల్లలు పొలంలో వాడేటప్పుడు చేతితొడుగులు వేసుకోవాలి, పొట్లాన్ని వంటింటికి దూరంగా ఉంచాలి.

ఆ పెద్దాయన పొలంలో ఏం జరిగిందో ఎవరూ పరీక్షించలేదు. నిజంగా కల్తీయే కావచ్చు. కాని ఒకే మందును పదేపదే కొడితే, లొంగే బూజు చచ్చి, లొంగని నాలుగు బతికి పొలమంతా కమ్ముతాయి. "ఈసారి మందు మార్చి, నీటిలో కలిసే గంధకం కొట్టి చూడండి" అని ఆనాడు చెప్పగలిగితే ఆయన పంట కొంతైనా దక్కేదేమో. మందు పనిచేయలేదన్న ఫిర్యాదును ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు ప్రశ్నగా తీసుకున్నారు. నేను అర్జీగా తీసుకున్నాను. వ్యవసాయం చేస్తున్న మన బిడ్డలకైనా ఈ తేడా తెలియాలని ఈ నాలుగు మాటలు రాశాను. సెలవు.