లంద నుంచి 'పచ్చ తోలు' దాకా

ఈమధ్య తోలు వస్తువుల కంపెనీలు ఒక కొత్త మాట పట్టుకున్నాయి: పర్యావరణానికి మేలు చేసే తోలు. క్రోమియం వాడకుండా చెట్ల చెక్కతో పదును చేశామని చీటీ అంటించి ఎక్కువ ధరకి అమ్ముతున్నాయి. దీన్ని కొత్త ఆవిష్కరణ అంటున్నారు. మరి మాదిగ లందలో తరతరాలుగా జరిగిందేమిటి?

లంద పని తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. పచ్చి తోలుని సున్నపు నీళ్ళలో నానేస్తారు. వెంట్రుకలు, కండ గీకేస్తారు. తర్వాత తంగేడు చెక్క దంచి కలిపిన నీళ్ళలో రోజుల తరబడి ఊరేస్తారు. కరక్కాయ కూడా వాడతారు. ఆ చెక్కలోని వగరే తోలుని కుళ్ళకుండా నిలబెడుతుంది. ఎప్పుడు తిరగెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో పనివాడి చేతికీ ముక్కుకీ తెలుసు. ఇది రసాయనశాస్త్రం. ఊరు మాత్రం దీన్ని కంపు అంది. ఆ తోలుతో కుట్టిన మోట బొక్కెనలే భూస్వాముల తోటల్ని తడిపాయి. ప్రతిఫలం కళ్ళంలో కొలిచిన మేర గింజలు. ఊరి పొలానికి నీళ్ళు తోడే బొక్కెన కుట్టినవాడు ఊరి మంచినీళ్ళ బావి ముట్టుకోకూడదు!

19వ శతాబ్దంలో ఈ తంగేడు తోలే మద్రాసు నుంచి ఇంగ్లండుకి పోయింది. అక్కడి మార్కెట్లో దాని పేరు 'ఈస్టిండియా కిప్స్'. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల బూట్ల కోసం గిరాకీ బాగా పెరిగింది. పేరు ఈస్టిండియాది, లాభం వ్యాపారులది.

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమ్ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వారాల పని రోజుల్లోకి కుదించుకుపోయింది. 20వ శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో ఈ పద్ధతిని ప్రయోగించాడు. క్రమంగా లందలు మూతపడ్డాయి, పెట్టుబడి ఉన్నవాళ్ళ ఫ్యాక్టరీలు లేచాయి. జ్ఞానం ఉన్నవాడు కూలీ అయ్యాడు. పాలారు నది విషమైంది. వేలూరు పౌరుల కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని తీర్పిచ్చింది. అయినా 2015 జనవరిలో రాణిపేటలో తోళ్ళ ఫ్యాక్టరీల వ్యర్థాల తొట్టి గోడ కూలి, నిద్రలో ఉన్న కూలీలు పదిమంది చనిపోయారు. మూల్యం చెల్లించిందెవరు?

ఇక 'సామాజిక బాధ్యత' సంగతి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండు బలపడినప్పుడు, 2006లో పరిశ్రమాధిపతుల సంఘాలు స్వచ్ఛంద నియమావళితో సరిపెట్టాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకి ఖర్చు పెట్టాలి. ఆ జాబితాలో పర్యావరణం ఉంది, షెడ్యూల్డు కులాల సంక్షేమమూ ఉంది. కానీ ఇదంతా లాభం వచ్చాక చేసే ఖర్చు. ఆ లాభం ఎవరి జ్ఞానం నుంచి, ఎవరి శ్రమ నుంచి వచ్చిందో చట్టం అడగదు.

లంద స్వర్గమని మనం అనడంలేదు. సున్నం చేతుల్ని తినేసింది, కంపు పేరు చెప్పి మనుషుల్ని వెలేశారు. మన పిల్లలు మళ్ళీ ఆ తొట్టిలో దిగాలని ఎవరూ కోరుకోరు. మనం అడుగుతున్నది వేరు. తంగేడు చెక్క గొప్పదైతే, దాని గుణం కనిపెట్టినవాళ్ళ పేరు చరిత్ర పుస్తకంలో ఉండాలి. పచ్చ తోలు ఫ్యాక్టరీలో వాళ్ళ వారసులకి వాటా ఉండాలి. 2 శాతం దయ కాదు, యాజమాన్యంలో వాటా.