మంత్రసాని మనవరాలి చదువు

నర్సింగు చరిత్ర చెప్పే పాఠ్యపుస్తకాలు సాధారణంగా 1854తో మొదలవుతాయి. క్రిమియా యుద్ధం, స్కుటారి ఆస్పత్రి, 38 మంది నర్సుల్ని వెంటబెట్టుకుని వెళ్లిన ఫ్లారెన్స్ నైటింగేల్, ఆమె చేతిలో దీపం. అదే యుద్ధానికి నర్సుగా పంపమని అడిగి, కాదనిపించుకుని, సొంత ఖర్చుతో పోయిన జమైకా స్త్రీ మేరీ సీకోల్ పేరు మా చెల్లెలి మొదటేడు పుస్తకంలో ఎక్కడా కనపళ్లేదు. నల్లచేతులు చేసిన సేవ అక్కడా లెక్కలోకి రాలేదు.

మా ఇంట్లో నర్సింగు చరిత్ర మా జేజితో మొదలవుద్ది. మాది ప్రకాశం జిల్లా మెట్టప్రాంతం, మాదిగపల్లె. మా జేజి మంత్రసాని. ఊళ్లో ఎవరింట్లో నొప్పులొచ్చినా మనిషొచ్చి పల్లె మొదట్లో నిలబడి కేకేసేవాడు. అర్ధరాత్రయినా పోవాల్సిందే. దొడ్డిదారిన పోవాల. బిడ్డ బయటపడేదాకా ఆమె చెయ్యి కావాలి. బొడ్డు కోసేది, మాయ పాతిపెట్టేది, నెత్తుటి గుడ్డలు ఉతికేది, పురుడు తీరేదాకా తల్లికీ బిడ్డకీ నీళ్లు పోసేది. ఆ తర్వాత ఆమె తాకిన మంచం మీద, తిరిగిన గది నిండా నీళ్లు చల్లుకునేవాళ్లు. చేటలో నాలుగు జొన్నలు, ఒక పాత చీర ఆమె కూలి. ఆమె చేతుల్లో పడ్డ బిడ్డలే పెద్దయ్యాక ఆమెను 'ఏమే' అని పిలిచారు.

మా జేజిని దేవతను చెయ్యడానికి నేనిది రాయటం లేదు. ఆమె చేతుల్లో చచ్చిపోయిన బిడ్డలున్నారు. నెత్తురు ఆగక పోయిన తల్లులున్నారు. పసిబిడ్డకు ధనుర్వాతం ఎందుకొస్తదో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. 1885లో డఫరిన్ ఫండు పెట్టారు. 1903లో మంత్రసానులకు తర్ఫీదు ఇవ్వడానికి విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ ఫండు పెట్టారు. ఆనాటి తెల్లదొరల రాతల్లో మంత్రసాని అంటే మురికి మనిషి, మొండి మనిషి. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని కులపు ఆడమనిషి చేతులు కడుక్కోడానికి నీళ్లు ఎక్కడనుంచి తెచ్చుకుంటది? ఆ ప్రశ్న దొరా అడగలేదు, దొర పక్కన నిలబడ్డ అగ్రవర్ణపు గుమస్తా అడగలేదు.

మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రం కిందివి. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో 1871లో నర్సులకు శిక్షణ మొదలైంది. మన దగ్గరికి ఆ చదువు మిషనరీలతో వచ్చింది. 1876-78 కరువు ముగిసే రోజుల్లో, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామంది మాదిగలు. బడి, ఆస్పత్రి వాళ్ల గడపదాకా వచ్చాయి. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్లకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచింది. పరాయి మగవాడి ఒళ్లు ముట్టుకోవాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రిళ్లు ఇల్లు వదిలి వుండాలి. ఇదంతా మైలపని, పరువు తక్కువ పని అని పెద్దకులాలవాళ్లు తమ ఆడపిల్లల్ని పంపలేదు. మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చిన మాల మాదిగ క్రైస్తవ పిల్లలు, దిక్కులేని వితంతువులు తెల్లచీర కట్టుకున్నారు. ఎవరూ రాని చోటు గనక మనల్ని రానిచ్చారు. అయినా అదే మనకు దొరికిన తొలి జీతం, తొలి చెప్పులు, 'సిస్టర్' అనే తొలి మర్యాద.

ఇంకో పేరు కూడా మన పిల్లలు నర్సింగు చరిత్రలో రాసుకోవాలి. 1897లో పూనాలో ప్లేగు వచ్చింది. ముట్టుకుంటే చస్తామని సొంతవాళ్లే పారిపోయిన రోజులవి. సావిత్రీబాయి ఫూలే ముంఢ్వా మహార్‌వాడలో ప్లేగు తగిలిన పిల్లవాడిని వీపున వేసుకుని కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకు మోసుకొచ్చింది. ఆ రోగం ఆమెకూ తగిలి మార్చి 10న చనిపోయింది. టీచరుగా నేను ఆమె జయంతి బళ్లో జరుపుతాను. ఆమె నర్సుగా చనిపోయిందని కూడా పిల్లలకు చెబుతాను.

1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చింది. దేశంలో 43,000 మందికి ఒక్క నర్సు అని తేల్చింది. అదే ఏడు ఢిల్లీలోనూ, వెల్లూరులోనూ నర్సింగులో డిగ్రీ చదువు మొదలైంది. చేతిపని అనుకున్నది విశ్వవిద్యాలయంలోకి పోయింది.

ఇక క్రిటికల్ కేర్ సంగతి. ఐసీయూ అంటే యంత్రాలని మనకు భయం. దాని పుట్టుక చూడండి. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆస్పత్రిలో మొదటి మూడు వారాల్లో 31 మందికి అప్పటి ఊపిరి యంత్రాలు పెడితే 27 మంది చనిపోయారు. ఆగస్టులో బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఒక 12 ఏళ్ల పిల్ల గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం పెట్టించి, రబ్బరు సంచి చేత్తో పిసికి ఊపిరి పోశాడు. పిల్ల బతికింది. అట్లా సంచి పిసకడానికి యంత్రాలు చాలవు. 1500 మంది దాకా విద్యార్థులు వంతులేసుకుని, నెలల తరబడి, రోగుల తలాపున కూచుని చేత్తోనే ఊపిరి పోశారు. వాళ్లతోపాటు నర్సులు రాత్రింబగళ్లు కాపలా కాశారు. చావులు సగానికి పైగా తగ్గాయి. 1953 డిసెంబరులో అదే ఊళ్లోని మరో ఆస్పత్రిలో ఇబ్సెన్ పెట్టిన వార్డే ప్రపంచంలో తొలి ఐసీయూ అంటారు. అంటే ఐసీయూ పుట్టింది మనుషుల చేతుల్లోంచి.

మా చెల్లెలు 2012లో బీఎస్సీ నర్సింగులో చేరింది. అమ్మానాన్నా పొగాకు బ్యారన్ల కాడ కూలికి పోయేవాళ్లు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను, రెండో మనిషి తను. ప్రభుత్వం నుంచి ఫీజు డబ్బు రాలేదని ఆ కాలేజీ వాళ్లు పరీక్షల ముందు హాల్ టికెట్టు ఆపారు. నా జీతం మీద అప్పు తెచ్చి కట్టాను. పదోతరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల, మూడో ఏడు క్రిటికల్ కేర్ పాఠాలకొచ్చేసరికి రాత్రిళ్లు ఫోన్ చేసి ఏడ్చేది. తర్వాత తర్వాత తనే నాకు పాఠం చెప్పటం మొదలుపెట్టింది. "అక్కా, ఐసీయూ రోగి మాట్లాడడు. వాడి ఒంటినే మనం చదవాల" అనేది.

ఆ చదువు ఎట్లా వుంటదో తన నోట విన్నాను. 1974లో గ్లాస్గోలో కట్టిన కొలత ఒకటుంది. కన్ను తెరవటానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3. ఆ అంకె రెండు తగ్గితే డాక్టరును లేపాల. గొట్టంలో గళ్ల తీసేటప్పుడు ముందు ఆక్సిజన్ పెంచాల, 15 సెకండ్లు దాటకూడదు. న్యుమోనియా రాకుండా మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి వుంచాల, నోరు శుభ్రం చెయ్యాల. 1987లో వచ్చిన బ్రేడెన్ కొలత వుంది. ఒళ్లు ఎంత తడిగా వుంది, రోగి ఎంత కదులుతున్నాడు, ఎంత తింటున్నాడు అని చూసి 23 నుంచి 6 దాకా అంకె వేస్తారు. తగ్గేకొద్దీ పుండు పడే ప్రమాదం. అందుకే రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాల.

తిప్పటం, తుడవటం, మలం ఎత్తటం, నిద్ర కాయటం. మా జేజి చేసినప్పుడు ఇవన్నీ మైల. ఇంగ్లీషులో అంకెలేసి పరీక్ష పెడితే శాస్త్రం. పని మైలపడింది కులం వల్లనే. శాస్త్రం అయిందేమో, ఎందుకు చేస్తున్నామో తెలుసుకునే హక్కు దొరకటం వల్ల. ఆ హక్కే మా జేజికి లేకుండా చేశారు.

చదువొస్తే కులం పోయిందా? నాలుగో ఏడు పోస్టింగులో చెల్లెలు ఒక రోగిని చూసింది. వెంటిలేటరు మీద వున్నన్ని రోజులు ముక్కుగొట్టంలో పాలుపోసింది, ఒళ్లు తుడిచింది. ఇంటివాళ్లు దణ్ణాలు పెట్టారు. గొట్టం తీసిన మర్నాడు చెంచాతో నీళ్లు పట్టబోతుంటే వాళ్లమ్మ అడిగింది, "మీరేమిటోళ్లమ్మా?" అని. ప్రాణం గొట్టంలో వున్నప్పుడు ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్ల పాఠశాల ఉద్యోగంలో నన్నూ ఈ ప్రశ్న వదల్లేదు గనక నాకు ఆశ్చర్యం కలగలేదు.

2020లో తను కరోనా వార్డులో ఒప్పంద ఉద్యోగి. అద్దెకున్న ఇంటామె గది ఖాళీ చెయ్యమంది. దేశమంతా ఇట్లాంటివి జరిగితే, వైద్య సిబ్బంది మీద దాడులకు శిక్ష వేస్తామని ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ముట్టుకోకుండా, దూరంగా నిలబెట్టటం ఏమిటో పెద్దకులాల నర్సులకూ అప్పుడు కొంచెం తెలిసింది. మనకు అది తరతరాల పాఠం.

చివరిగా విద్యార్థులకు ఒక మాట. 70 కిలోల మనిషిని తిప్పటం ఒక్కరి వల్ల కాదు. రెండో చెయ్యి ఆయాది. కాంట్రాక్టరు కింద పనిచేసే మనవాడల ఆడమనిషి. చార్టులో నర్సు సంతకం వుంటది, ఆయా పేరు వుండదు. తొడుగులు ముందు డాక్టరుకు, తర్వాత నర్సుకు, మిగిలితే ఆమెకు. డిగ్రీ తెచ్చుకున్న మన పిల్లలే బెడ్‌పాన్ కాలితో ఆమెవైపు తోస్తే, మా జేజికి నీళ్లు చల్లినవాళ్లకూ మనకూ తేడా ఏముంది? చెల్లెలు ఇప్పుడు డ్యూటీ ఎక్కగానే తన వార్డు ఆయాకు చేతులు కడిగే పద్ధతి, రోగిని తిప్పే పద్ధతి చూపిస్తది. ఎందుకో కూడా చెబుతది.

2016లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల పీజీ కోర్సు రూపొందించింది. మన పిల్లలు ఆ సీట్లలోకి పోవాలి. వెంటిలేటరు మీదున్న రోగికి ఒక నర్సు అన్న లెక్క ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలో అమలు కావాలని, ఆ పోస్టులు ఒప్పందం మీద కాక రిజర్వేషన్‌తో శాశ్వతంగా నింపాలని కొట్లాడాలి. ఆయాకు తర్ఫీదు, జీతం, తొడుగులు కావాలని అదే కరపత్రంలో రాయాలి.