ఈ మెహఫిల్‌లో మన సఫ్ ఎక్కడ?

జనవరి వచ్చిందంటే మా అబ్బా జేబు మీద నా నిగాహ్ పడేది. బెజవాడ వన్‌టౌన్‌లో, పంజా సెంటర్‌కి దగ్గర్లో, ఒక్క మిషన్ పెట్టుకున్న దర్జీ దుకాణం ఆయనది. సంక్రాంతి కుట్టుపనులతో ఆ నాలుగు రోజులూ చేతిలో కాస్త డబ్బు ఆడేది. సరిగ్గా అప్పుడే స్వరాజ్ మైదానంలో పుస్తకాల పండగ. మావాళ్ళ నోట అది పీడబ్ల్యూడీ గ్రౌండు. అబ్బా ఇరవై రూపాయలు చేతిలో పెట్టి, "పహలే కితాబ్, బాద్‌మే మిర్చీ బజ్జీ" అనేవారు.

నాది ఉర్దూ మీడియం బడి. తొమ్మిదో జమాత్‌లో ఉండగా మా ఉస్తాద్ సాబ్ నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళారు. వరసలు వరసలుగా దుకాణాలు. ఉర్దూ కితాబు కోసం రెండు గంటలు తిరిగాం. ఒక స్టాల్‌లో తెలుగు ఖురాన్ అనువాదం దొరికింది కానీ, ఉర్దూలో ఒక కథల పుస్తకం, ఒక షాయరీ పుస్తకం కనపడలేదు. తిరిగి వస్తుంటే షామియానా కింద మైకు మోగుతోంది. ఎవరిదో కవితా సంపుటి ఆవిష్కరణ. ముందు సోఫాలు, వెనక కుర్చీలు, ఆ వెనక నిలబడ్డ జనం. ఆ జనంలో మేము.

కవిగారు చదువుతున్నారు. ఒక పాదం దగ్గర మా ఉస్తాద్ సాబ్ ఆగలేకపోయారు. "వాహ్! ముకర్రర్!" అని గట్టిగా అనేశారు. సోఫాల్లో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. నాకు సిగ్గుతో చెమట పట్టింది. వేదిక మీది కవిగారు మాత్రం నవ్వి, వెనక వరుసకి నమస్కారం పెట్టి, ఆ పాదాన్నే మళ్ళీ చదివారు. ముకర్రర్ అంటే 'ఇంకోసారి' అనే కదా! ఆయనకి ఆ మాట తెలుసు. ఉర్దూ మీడియం పిల్లోడివి తెలుగు డిగ్రీలో ఎందుకు చేరావని ఎవరడిగినా నేను చెప్పే జవాబు ఈ ఖిస్సానే.

ఈ ముప్పై ఏళ్ళలో విలేకరిగా ఈ డెల్టాలో లెక్కలేనన్ని సాహిత్య సభలకి వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఒక సవాల్ లోపల మెదులుతూనే ఉంటుంది. ఈ మెహఫిల్ ఎవరిది? ఇందులో మన సఫ్ ఎక్కడ? సఫ్ అంటే నమాజ్‌లో నిలబడే వరుస. అక్కడ రిజర్వేషన్ ఉండదు. ముందొచ్చినవాడు ముందు నిలబడతాడు. నవాబైనా, నౌకరైనా అంతే. మరి అదబ్ లోకంలో? తారీఖ్ పుటలు కొంచెం తిరగేద్దాం.

మన దగ్గర సాహిత్య సభకి పాత చిరునామా అవధానం. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ గారు అక్కడ ఆయన శిష్యులే. అవధానంలో సమస్యాపూరణం అని ఉంటుంది. పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు, మిగిలిన పాదాలు అప్పటికప్పుడు అవధాని కట్టాలి. డిగ్రీ క్లాసులో ఈ సంగతి వినగానే నాకు నవ్వొచ్చింది. ఇది మాకు తెలిసిన ఆటే! తర్హీ ముషాయిరాలో కూడా ముందుగా ఒక మిస్రా ఇస్తారు. అదే బహర్‌లో, అదే రదీఫ్ ఖాఫియాలతో షాయర్లంతా గజళ్ళు రాసుకుని వస్తారు. అవధానంలో పద్యం అక్కడికక్కడ పుట్టాలి, ముషాయిరాకి ఇంటి దగ్గర రాసుకుని రావచ్చు. తేడా అంతే. ఒకరిచ్చిన కొక్కేనికి తన కవిత్వాన్ని తగిలించే హునర్ రెండు చోట్లా ఒక్కటే.

ఇంకో తేడా కూడా ఉంది. ముషాయిరాలో చిన్నవాళ్ళు ముందు చదువుతారు, సదర్ సాబ్ అందరికన్నా చివర. మన తెలుగు సభలో అధ్యక్షుల వారు మొదట మాట్లాడతారు. ఆ తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. అసలు కవి వంతు వచ్చేసరికి టెంట్‌వాడు కుర్చీలు మడతపెడుతుంటాడు.

పాత రోజుల్లో ఈ రెండు లోకాల మధ్య గోడ అంత ఎత్తుగా లేదు. బందరు రేవు గోల్కొండ కుతుబ్‌షాహీలది. ఆ వంశంలో ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 వరకు పాలించాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితం ఇచ్చింది ఆయనకే. మన జిల్లా కూచిపూడిని అక్కడి కళాకారులకు అగ్రహారంగా ఇచ్చింది తానీషా అని ఆ ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటారు. తెలుగు అదబ్‌కి ముసల్మాను మేజ్‌బాన్‌గా, అంటే పిలిచి పీట వేసిన ఇంటివాడుగా, ఉన్న జమానా ఒకటి ఉండేది. మేహ్మాన్ అయింది తర్వాతే.

దర్బారులు పోయాక సభ జనంలోకి వచ్చింది. దానికి దర్వాజా తెరిచినవి గ్రంథాలయాలు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళంతా కలుసుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారి మెహనత్ అది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ప్యాసా బావి దగ్గరికి వెళ్తాడంటారు. ఇక్కడ బావే పడవెక్కి ప్యాసా దగ్గరికి వచ్చింది.

అయితే దర్వాజా అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. గుర్రం జాషువా గారిని కులం పేరు చెప్పి సభల్లో ఎంత జలీల్ చేశారో తెలియనిది కాదు. ఆయన 1932లో 'ఫిరదౌసి' కావ్యం రాశారు. మాట తప్పిన గజనీ సుల్తాను ముందు ఒక ఫార్సీ షాయర్ పడ్డ బాధని గుంటూరు సీమ దళిత కవి తన బాధగా చేసుకున్నారు. చివరికి చెళ్ళపిళ్ళ వారే స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఒక మెహఫిల్ తన గల్తీని తానే దిద్దుకున్న ఘడియ అది. అందుకు ఎన్ని ఏళ్ళు పట్టిందో కూడా మరవకూడదు.

ఇప్పుడు తెనాలి వెళ్దాం. 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ అక్కడ జరిగింది. తాపీ ధర్మారావు గారు అధ్యక్షులు. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ సభ జిక్ర్ లేని పుస్తకం ఉండదు. కానీ దాని నసబ్, వంశవృక్షం, ఒకసారి పైకి వెళ్ళి చూడండి. ఏడేళ్ళ వెనక, 1936 ఏప్రిల్, లక్నో. అఖిల భారత అభ్యుదయ రచయితల తొలి మహాసభ. దాన్ని నిలబెట్టిన సజ్జాద్ జహీర్ ఉర్దూ రచయిత. సదారత్ చేసిన ప్రేమ్‌చంద్ కలం పట్టింది మొదట ఉర్దూలోనే. వచ్చి మాట్లాడినవాళ్ళలో హస్రత్ మొహానీ ఉన్నారు. లక్నోలో వెలిగించిన షమా తెనాలి దాకా చేతులు మారుతూ వచ్చింది. ముషాయిరాలో షమా ఒక షాయర్ ముందు నుంచి ఇంకో షాయర్ ముందుకి జరిగినట్టే. డెల్టాలో ఆధునిక సాహిత్య సభకి ఒక తాత అవధానం అయితే ఇంకో తాత ఉర్దూ అంజుమన్. ఈ రెండో తాత పేరు మన సభల్లో నేను వినడం తక్కువ.

ఆ రోజుల్లోనే ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథతో జనాన్ని కట్టిపడేసినవాడు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టినవాడు. పల్నాటి యుద్ధం చెప్పినా బొబ్బిలి యుద్ధం చెప్పినా ఊళ్ళకి ఊళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేవి. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'పింజారి'. ఎదటివాళ్ళు తిట్టుగా వాడే మాటను అట్ట మీద పేరుగా అచ్చేయించుకోవడానికి ఎంత జిగర్ కావాలో ఆలోచించండి.

వేదికని తలకిందులు చేసిన రాత్రి కూడా బెజవాడ చూసింది. 1966 డిసెంబర్‌లో ఒక అర్ధరాత్రి దిగంబర కవులు తమ రెండో సంపుటిని ఇక్కడే తెచ్చారు. ఆవిష్కరించింది మంత్రి కాదు, మహాకవి కాదు. హోటల్లో పనిచేసే జంగాల చిట్టి. ఆ ఆరుగురి కవిత్వం మీద ఎవరి రాయ్ వాళ్ళకి ఉండొచ్చు. కానీ రిబ్బను కత్తిరించే హక్కు ఎవరిదన్న సవాల్‌ని ఆ రాత్రి గట్టిగానే అడిగారు.

ఇక మన పుస్తకాల పండగ. విజయవాడ బుక్ ఫెస్టివల్ 1989లో మొదలైంది. విశాలాంధ్ర, నవోదయ లాంటి సంస్థలతో ఏలూరు రోడ్డు అప్పటికే తెలుగు పుస్తకాల బజారు. ఆ బజారే ఏడాదికోసారి మైదానంలోకి వచ్చి కూర్చునేది. పుస్తకాలు కొనేవాళ్ళు, రాసేవాళ్ళు, బడిపిల్లలు కలిసి నడిచే పుస్తకప్రియుల పాదయాత్ర దీనికే ఖాస్. మా స్వరాజ్ మైదానం ఇప్పుడు అంబేద్కర్ స్మృతివనం. 2024 జనవరిలో అక్కడ 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం లేచింది. పండగ వేరే చోట్లకి మారింది. 2025 జనవరిలో 35వ ఉత్సవం ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జరిగింది. జగా మారినా జనం మారలేదు. చంకలో సంచి, చేతిలో చీటీ.

ఆ పండగ పుట్టిన రెండేళ్ళకే, 1991లో, బెజవాడ సాహిత్య లోకానికి బాగా తెలిసిన ఖాదర్ మొహియుద్దీన్ గారి 'పుట్టుమచ్చ' వచ్చింది. ఈ దేశంలో ముసల్మానుగా పుడితే షక్ కూడా పుట్టుమచ్చలా ఒంటిమీదే ఉంటుందని తెలుగులో అంత సూటిగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడాది బాబ్రీ మసీదు కూలింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' కవితా సంకలనం వచ్చింది. అమ్మీ, అబ్బా, బురఖా, దస్తర్‌ఖాన్ అన్నీ తెలుగు కవిత్వంలోకి నడిచొచ్చాయి. అప్పటిదాకా సభ వెనక నిలబడి ముకర్రర్ అన్నవాళ్ళు మైకు అందుకున్నారు.

మరి ఇంకేం కావాలి అంటారా? చెప్తాను.

2019 నవంబర్‌లో సర్కారు బడులన్నీ ఇంగ్లీష్ మీడియం చెయ్యాలని ఉత్తర్వులు వచ్చాయి. అందులో తెలుగు, ఉర్దూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఇక మాధ్యమాలు కావు, తప్పనిసరిగా చదివే ఒక సబ్జెక్టు మాత్రమే. డిసెంబర్ చివర్లో బెజవాడలోనే ప్రపంచ తెలుగు రచయితల నాలుగో మహాసభలు జరిగాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. ఆ రోజుల్లో అమ్మభాష గురించి ఎన్ని ఉపన్యాసాలు రాసుకుని పత్రికకి పంపానో నాకే గుర్తులేదు. ఒక చిన్న సభలో ఒక పెద్దాయన పక్కన కూర్చుని, "మా అమ్మభాష ఉర్దూ అండీ, అదీ ఇదే పడవలో ఉంది" అన్నాను. ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూసి, "మీరు తెలుగు ఇంత బాగా మాట్లాడతారే!" అన్నారు. నేను చెప్పింది ఆయన చెవిన పడలేదు. నేను తెలుగు మాట్లాడటమే ఆయనకి విడ్డూరం అయింది. నేను పుట్టింది వన్‌టౌన్‌లో.

'సభకు పలువురు హాజరయ్యారు' అని నేను రోజూ వార్త రాస్తాను. హాజరు ఎక్కడి మాట? కాగితం? కలం? సన్మానంలో కప్పే శాలువా? రచయితల సంఘం పేరు ముందుండే జిల్లా? ఇవన్నీ అరబ్బీ, ఫార్సీ ఇళ్ళ నుంచి వచ్చి తెలుగింట్లో కాపురం పెట్టినవే. మాటలు లోపలికి వచ్చాయి, మనుషులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నారు.

ఇంసాఫ్‌గా మాట్లాడాలంటే మన ఖౌమ్ వైపు కూడా వేలు చూపించాలి. 2022లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేస్తూ చట్టసభ సవరణ చేసింది. మనం మిఠాయి పంచుకున్నాం. ఆ తర్వాత ఎన్ని కితాబులు అచ్చేశాం? నిజాం రాజ్యంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న దాశరథి గారు గాలిబ్‌ని తెలుగు చేసి ఇచ్చారు. ఈ డెల్టాలో ఉర్దూ బడిలో చదివి తెలుగు రాసే మనం ఎవర్ని అటు తీసుకెళ్ళాం? జాషువా 'ఫిరదౌసి'ని ఉర్దూలో చదివి వాహ్ అనే భాగ్యం మా ఉస్తాద్ సాబ్‌కి మనమెవరైనా ఇచ్చామా? ఆయన ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయనకి జన్నత్ నసీబ్ చేయుగాక. ముషాయిరా మనవాళ్ళే పెడతారు, మనవాళ్ళే వింటారు. పక్క వీధిలోని తెలుగు కవికి దావత్‌నామా వెళ్ళదు. వాళ్ళ సభలో మనం వెనక వరుస అయితే, మన మెహఫిల్‌లో వాళ్ళకి వరుసే లేదు.

మసీదులో చిన్నప్పుడే నేర్పుతారు. సఫ్‌లో ఖాళీ కనిపిస్తే పక్కవాడు ముందుకి జరిగి నింపాలి. పేరు పెట్టి పిలుస్తారని ఎదురుచూడకూడదు. పుస్తకాల పండగలో ఉర్దూ కితాబు లేదని ముప్పై ఏళ్ళ నుంచి గిలా చేస్తున్నాను. అదే ఖాళీని నేనూ ముప్పై ఏళ్ళుగా చూస్తూ నిలబడ్డాను.

అందుకే దోస్తులారా, వచ్చే జనవరికి పదిమందిమి కలిసి ఒక స్టాల్ తీసుకుందాం. ఒక పక్క ఉర్దూ కితాబులు, ఒక పక్క ముస్లిం రచయితల తెలుగు పుస్తకాలు, మధ్యలో రెండు జబాన్లలో ఎదురెదురుగా అచ్చేసిన ఒక చిన్న కవితల పుస్తకం. అది మనమే వెయ్యాలి. ఒక సాయంత్రం ఒక మిస్రా ఇద్దాం. ఉర్దూ షాయర్ గజల్‌లో, తెలుగు కవి పద్యంలో పూరించాలి. సోఫాలు వద్దు. చాపలు చాలు, ముందొచ్చినవాళ్ళు ముందు కూర్చుంటారు.

స్టాల్ కిరాయి ఎంతో రేపు వెళ్ళి కనుక్కుంటాను. రావాలనుకున్నవాళ్ళు చెప్పండి.